పంట ఏడాది, పీపా వయసు

ఫ్రాన్స్‌కి నైరుతి మూల, పిరెనీస్ పర్వతాలకు ఉత్తరంగా గాస్కనీ అనే పాత సీమ ఉంది. దాని లోపలి భాగంలో పెద్ద నగరాలు లేవు, ఓడలు ఆగే రేవులు లేవు. మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, బాతుల పెంపకం, ద్రాక్ష. ‘త్రీ మస్కిటీర్స్’ నవలలోని దార్తన్యాన్ ఈ సీమ కుర్రాడే. ఇక్కడి రైతులు తెల్ల ద్రాక్షను పులియబెట్టి, ఆ వైన్‌ని బట్టీలో కాచి, దిగిన సరుకును ఓక్ చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి దాస్తారు. దాని పేరు ఆర్మన్యాక్. ఫ్రాన్స్‌దే మరో బ్రాందీ అయిన కోన్యాక్ పేరు విన్నంతమంది ఈ పేరు విని ఉండరు. అయినా ఈ అధ్యాయానికి నేను దీన్నే ఎంచుకున్నాను. కారణం దాని సీసా మీద ఉండే అంకె.

చాలా బ్రాందీల్లో వేర్వేరు ఏళ్ల సరుకు కలిసి ఉంటుంది. ఇరవై ఏళ్లదీ ఐదేళ్లదీ కలిపి రుచి కుదురుస్తారు. కోన్యాక్ వ్యాపారం ప్రధానంగా ఆ కలిపే నేర్పు మీదే నడుస్తుంది. ఆర్మన్యాక్ వాళ్లు మాత్రం ఒక ఏడాది పంటను మరో ఏడాదితో కలపకుండా విడిగా ఉంచి, సీసా మీద ఆ పంట ఏడాదిని వేసే అలవాటును నిలబెట్టుకున్నారు. 1973 అని ఉంటే అందులో ప్రతి చుక్కా 1973లో కోసిన ద్రాక్షదే అయి ఉండాలి. అలా ఏడాది వేసి అమ్మే సరుకు కనీసం పదేళ్లు చెక్కలో ఉండాలని నిబంధన. ఆ అంకె నిజమో అబద్ధమో ప్రయోగశాలలో తేల్చవచ్చు. అది నిజమైనా, ఒక ముఖ్యమైన సంగతి మాత్రం అది చెప్పదు. ఈ రెండూ అర్థం కావాలంటే తోట దగ్గర మొదలుపెట్టాలి.

తోటలోకి వెళ్లేముందు ఒక మాట. బ్రాందీ అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది వేరు. మన దుకాణాల్లో ఆ పేరుతో దొరికేది చాలావరకు చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌కి రంగూ వాసనా చేర్చిన సరుకు. అది ఎన్ని ఇళ్లు కూల్చిందో మనకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేవదీసిన పోరాటం అక్షరాస్యత ఉద్యమంలోంచి పుట్టింది. సైన్స్‌ను జనంలోకి తీసుకెళ్లాలనుకునేవాళ్లు దాన్ని మరిచిపోలేరు. ఎంత పాతదైనా, ఎంత ఖరీదైనా ఆర్మన్యాక్‌లో మత్తిచ్చేది అదే ఇథనాల్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రూఢి అయిన వాటి జాబితాలో చేర్చింది. కాబట్టి ఇది తాగమని చెప్పే అధ్యాయం కాదు. చెక్క, గాలి, కాలం కలిసి ఒక ద్రవాన్ని ఎలా మారుస్తాయో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దీని చరిత్ర మందుగా మొదలైంది. తర్వాతి రోజుల్లో కార్డినల్ అయిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి వితాల్ ద్యు ఫూర్ 1310లో రాశాడని చెప్పే వైద్య గ్రంథంలో ఈ ‘మండే నీటి’కి నలభై సుగుణాలు లెక్కగట్టాడు. జ్ఞాపకశక్తి ఇస్తుందన్నాడు, బెదురుగొడ్డుకు ధైర్యం తెస్తుందన్నాడు, మాంసం చెడకుండా కాపాడుతుందన్నాడు. ఆ చివరి మాట మట్టుకు నిజం. ఇథనాల్ సూక్ష్మజీవుల పైపొరలను కరిగించి, వాటి ప్రొటీన్లను పాడుచేస్తుంది. ఫ్రాన్స్ బ్రాందీల్లో తమదే పాతదని గాస్కనీ వాళ్లు చెప్పుకునేది ఈ రాతను చూపించే.

17వ శతాబ్దంలో అది సరుకుగా మారింది. బోర్డో నగరం తన వైన్ అమ్ముడుపోయేదాకా ఎగువ సీమల వైన్‌ను రేవులోకి రానివ్వకుండా పాత హక్కులు చెలాయించేది. కాచిన సరుకుకు ఆ అడ్డు లేదు. డచ్ వర్తకులు దాన్ని కొనడం మొదలుపెట్టారు. పైగా పలచని వైన్ దారిలో పులిసిపోతుంది. కాచితే పరిమాణం తగ్గుతుంది, చెడదు. అయినా కోన్యాక్‌కు షరాంత్ నది సముద్రానికి దారి చూపినట్టు గాస్కనీకి ఏ నదీ చూపలేదు. బండి మీద, పడవ మీద అంచెలంచెలుగా చేర్చాలి. దాంతో పెద్ద వర్తక సంస్థలు అక్కడంతగా ఎదగలేదు, వ్యాపారం చిన్న రైతుల చేతుల్లోనే మిగిలింది. ధర లేని ఏడాది పీపా కొట్టులోనే ఉండిపోయేది. మన రైతు గాదెలో వడ్లు ఉంచుకుని అవసరానికి తీసినట్టు, వాళ్లు పీపాలు ఉంచుకుని పెళ్లికో పొలానికో ఒకటి అమ్ముకునేవాళ్లు. ఏడాది వేసి విడిగా ఉంచే సంప్రదాయానికి మూలం ఏ గొప్ప రుచిశాస్త్రమో అనుకోను, ఈ బీదరికమే అనుకుంటాను. కలపడానికి వాళ్ల దగ్గర అన్ని పీపాలు ఉండేవి కావు.

ఆర్మన్యాక్ పేరు వాడుకోదగ్గ నేల ఏదో 1909లో ఒక ఆజ్ఞతో గిరిగీశారు, 1936లో దానికి చట్టబద్ధమైన ప్రాంతీయ గుర్తింపు వచ్చింది. జేర్స్, లాంద్, లోత్-ఏ-గరోన్ జిల్లాల్లో పరుచుకున్న ఆ నేలలో మూడు భాగాలు: బా ఆర్మన్యాక్, తెనారెజ్, ఓ ఆర్మన్యాక్. పేరున్న సరుకు ఎక్కువగా పడమటి బా ఆర్మన్యాక్‌ది. అక్కడ ఇనుము కలిసి తేనెరంగు తిరిగిన ఇసుక నేలలు, ఆమ్ల గుణం ఉన్నవి. తెనారెజ్‌లో బంకమన్ను, సున్నపురాయి. అక్కడి సరుకు కరుకుగా ఉంటుంది, మెత్తబడటానికి ఎక్కువ ఏళ్లు పడుతుంది.

ద్రాక్ష రకాల్లో ఒకదాని కథ చెప్పాలి. 19వ శతాబ్దం చివర్లో ఫిలాక్సెరా అనే పేనుజాతి పురుగు ఫ్రాన్స్ తోటల వేళ్లు తినేసింది. గాస్కనీ వాళ్లు అప్పటిదాకా నమ్ముకున్న ఫోల్ బ్లాన్ష్ రకాన్ని అమెరికా వేళ్ల మీద అంటుకట్టి చూస్తే, గుత్తులు మరీ బిగుతుగా కాచి బూజు పట్టి కుళ్లిపోయేవి. 1898లో లాంద్ జిల్లాలో ఫ్రాన్స్వా బాకో అనే బడిపంతులు ఆ ఫోల్ బ్లాన్ష్‌ను నోవా అనే అమెరికా సంకర రకంతో కలిపి కొత్త మొక్క సాధించాడు. తెగుళ్లను తట్టుకుంది, ఇసుక నేలలో బాగా కాచింది. ఫ్రాన్స్‌లో ప్రాంతీయ గుర్తింపు ఉన్న మద్యాలకు సంకర రకాలను ఒప్పుకునేవారు కాదు; ఆయన పేరే పెట్టిన ఈ బాకో ఒక్కటే చాలాకాలం మినహాయింపుగా నిలిచింది. దాన్ని పీకించాలని ఒక దశలో తీసుకున్న నిర్ణయం కూడా రైతుల పట్టుదల వల్ల వెనక్కి పోయింది. దీర్ఘకాలం పీపాలో ఉంచేందుకు బాకో సరుకే మేలని బా ఆర్మన్యాక్‌లో చాలామంది నమ్ముతారు. ఒక బడిపంతులు పెంచిన మొక్క ఒక ప్రాంతపు పేరును కాపాడింది.

బట్టీకి వెళ్లే వైన్‌ను నోట్లో పోసుకుంటే పళ్లు పులిసిపోతాయి. ఆల్కహాల్ ఎనిమిది నుంచి పది శాతం, పులుపు బాగా ఎక్కువ. కావలసింది అదే. ఆ పులుపే వైన్‌ను బట్టీ రోజు దాకా సూక్ష్మజీవుల నుంచి కాపాడుతుంది. మామూలు వైన్‌లో చెడకుండా వేసే సల్ఫర్ డయాక్సైడ్ ఇందులో వెయ్యకూడదు, వేస్తే కాచినప్పుడు ఆ కంపు సరుకులోకి చేరుతుంది. సల్ఫర్ లేదు కాబట్టి వైన్ ఎక్కువ కాలం ఆగదు. పంట తర్వాతి మార్చి 31 లోపు కాచడం అయిపోవాలి.

ఆర్మన్యాక్ బట్టీ నిలువుగా నిలబెట్టిన రాగి గొట్టం. సొంత బట్టీ లేని రైతుల దగ్గరికి చక్రాల మీద బట్టీ వస్తుంది, ఒకప్పుడు ఎద్దులు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్ లాగుతుంది. నవంబరు చలిలో కట్టెలు పెట్టి మంట వేస్తే పని పూర్తయ్యేదాకా రాత్రింబవళ్లు ఆరనివ్వరు. చల్లని వైన్ ముందు ఆవిరి పోయే చుట్టగొట్టం చుట్టూ పారి, ఆవిరిని చల్లబరుస్తూ తాను వేడెక్కుతుంది. తర్వాత స్తంభం పైనుంచి పళ్లెం మీద పళ్లెంగా కిందికి దిగుతుంది. అడుగున పుట్టిన ఆవిరి ఆ పళ్లేలలోని వైన్‌లోంచి బుడగలుగా పైకి వస్తుంది, వచ్చే దారిలో వైన్ సువాసనలను పట్టుకొస్తుంది. చివర సన్నటి ధారగా, నీళ్లలా తెల్లగా దిగుతుంది. ధార కింద పాత్రలో తేలే గాజు కొలబద్ద ఆల్కహాల్‌ను 52 నుంచి 60 శాతం మధ్య చూపిస్తుంది. రాగికి ఇక్కడ పని ఉంది: మిగిలిన సల్ఫర్ సమ్మేళనాలు రాగితో కలిసి బట్టీలోనే ఆగిపోతాయి.

కోన్యాక్‌ను రెండుసార్లు కాచి 70 శాతం పైకి తీసుకెళతారు. ఆర్మన్యాక్‌ను ఎక్కువగా ఒకేసారి కాస్తారు. తక్కువ ఘాటు దగ్గర దిగే సరుకులో బరువైన అణువులు, ముఖ్యంగా పొడుగాటి కొవ్వు ఆమ్లాలు, వాటి ఎస్టర్లు ఎక్కువగా మిగులుతాయి. కుర్ర సరుకు మొరటుగా ఉండటానికి కారణం అవే. ముప్పై ఏళ్ల తర్వాత సరుకుకు లోతు ఇచ్చేవీ అవే.

ఇక చెక్క. గాస్కనీ అడవుల ఓక్ దుంగను రంపంతో కోయరు, నారవెంట చీలుస్తారు. యూరప్ ఓక్‌లో నీటి నాళాలు అంతగా మూసుకుని ఉండవు. రంపం అడ్డదిడ్డంగా కోస్తే పీపా కారుతుంది. అమెరికా తెల్ల ఓక్‌లో ఆ నాళాలను టైలోస్ అనే బుడగల్లాంటి కణభాగాలు పూడ్చేస్తాయి కాబట్టి దాన్ని కోయవచ్చు. చీల్చిన పలకలను రెండు మూడేళ్లు ఎండకూ వానకూ వదిలేస్తారు, వాన నీరు చేదు టానిన్లను కొంత కడిగేస్తుంది. పీపాను వంచేటప్పుడు లోపల మంట పెడతారు. ఆ వేడికి చెక్క లోపలి ముఖం మారిపోతుంది. చెక్కకు గట్టితనమిచ్చే లిగ్నిన్ విరిగి వెనిలిన్ పుడుతుంది, వెనిల్లా కాయలో ఉండే అణువే. హెమిసెల్యులోజ్ అనే చక్కెర గొలుసులు తెగి, కాల్చిన బాదం వాసన తెచ్చే ఫర్‌ఫ్యురాల్ వస్తుంది.

అలాంటి సుమారు 400 లీటర్ల కొత్త పీపాలో తెల్లని సరుకు పోస్తారు. ఆల్కహాల్ చెక్కలోకి కొన్ని మిల్లీమీటర్లు ఇంకి, టానిన్లనూ లిగ్నిన్ ముక్కలనూ లాక్కొస్తుంది. మొదటి నెలల్లోనే రంగు ఎక్కుతుంది. ఎక్కువకాలం అక్కడే ఉంచితే చెక్క చేదే మిగులుతుంది. అందుకని ఆరు నెలలకో రెండేళ్లకో, చెక్కలోని సారం అయిపోయిన పాత పీపాలోకి మారుస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. పాత చెక్క ఇచ్చేది తక్కువ, కానీ గాలిని లోపలికి రానిస్తుంది. ఆక్సిజన్ కొద్దికొద్దిగా చేరి ఇథనాల్‌లో కొంతభాగాన్ని ఎసిటాల్డిహైడ్‌గా, ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం మళ్లీ ఇథనాల్‌తో కలిసి పండు వాసన వేసే ఎస్టర్ అవుతుంది. ఘాటైన టానిన్లు విరిగి మెత్తబడతాయి. పదేళ్లు దాటాక ఇందాకటి బరువైన కొవ్వు ఆమ్లాలు నెమ్మదిగా ఆక్సీకరణ చెంది మిథైల్ కీటోన్లు అవుతాయి. అక్రోటు గింజ, పుట్టగొడుగు, ఎండు ప్లమ్ కలిసినట్టుండే వాసనకు ఇవి ముఖ్య కారణం. గాస్కనీలోనూ కోన్యాక్‌లోనూ దాన్ని రాన్సియో అంటారు. దాన్ని తొందరపెట్టే ఉపాయం ఇప్పటికీ సంతృప్తికరంగా దొరకలేదు. ఈ చర్యలు వేర్వేరు వేగాలతో, ఒకదాని ఫలితం మీద మరొకటి నడుస్తాయి. వేడి పెంచితే అన్నీ సమానంగా వేగం పుంజుకోవు.

చెక్క గాలిని రానిచ్చినట్టే సరుకును పోనిస్తుంది. ఆవిరైపోయేదాన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు, ఏటా రెండు నుంచి మూడు శాతం. లెక్క వేద్దాం. 400 లీటర్లు ఏటా రెండు శాతం తగ్గితే ముప్పై ఏళ్లకు 218 లీటర్లు మిగులుతాయి, మూడు శాతమైతే 160. వేడి దేశంలో ఇంకా ఘోరం. బెంగళూరులో విస్కీ పీపాల నుంచి ఏటా పదో వంతు దాకా పోతుంది. ఆ లెక్కన ముప్పై ఏళ్లకు మిగిలేది 17 లీటర్లే. ఆర్మన్యాక్ లాంటి ముసలి సరుకు మన దక్కన్‌లో సాధ్యం కాకపోవడానికి ఈ ఒక్క లెక్క చాలు.

పోయేది ఏమిటన్నది కొట్టులోని తేమ మీద ఆధారపడుతుంది. గాలిలో ఇథనాల్ దాదాపు ఉండదు కాబట్టి ఇథనాల్ ఎప్పుడూ బయటికే పోతుంది. నీరు అలా కాదు. గాలి తేమగా ఉంటే నీటికి బయటికి పోవాలనే ఒత్తిడి తగ్గుతుంది. మట్టినేల, రాతిగోడల కొట్టులో అందుకే ఆల్కహాల్ శాతం ఏటా కొంచెం కొంచెం దిగుతూ, 55 దగ్గర మొదలైన సరుకు కొన్ని దశాబ్దాలకు నలభైల్లోకి వస్తుంది. నీళ్లు కలపకుండానే తాగే ఘాటుకు చేరుతుంది. పొడి కొట్టులో నీరే ఎక్కువ పోయి సరుకు కరుకుగా ఉండిపోతుంది.

ఆ ఆవిరిని తినే జీవి కూడా ఒకటుంది. పీపాల కొట్ల గోడలు, పెంకులు, పక్కనున్న చెట్ల బెరడు మసి పూసినట్టు నల్లగా ఉంటాయి. అది బోదోయినియా కాంప్నియాసెన్సిస్ అనే శిలీంద్రం. 1872లో కోన్యాక్ ప్రాంతంలో దీన్ని పరిశీలించిన బోదోయిన్ పేరే దానికి పెట్టారు. ఒకప్పుడు ఈ నలుపును చూసి పన్ను అధికారులు దాచిన పీపాల ఆచూకీ తీసేవారని చెప్పుకుంటారు.

నలభై, యాభై ఏళ్లు దాటిన సరుకును ఇంకా పీపాలో ఉంచితే చెక్క చేదు, పలచదనం రెండూ మీదపడతాయి. అప్పుడు దాన్ని పెద్ద గాజు జాడీల్లోకి మారుస్తారు. గాజు గాలిని రానివ్వదు, ఏమీ ఇవ్వదు, ఏమీ పోనివ్వదు. సరుకు అక్కడ ఆగిపోతుంది. 1900 పంటను 1950లో గాజులో పోశారనుకుందాం. దాన్ని ఈరోజు తెరిచినా అది యాభై ఏళ్ల ఆర్మన్యాకే. 1900 పంటనే 1915లో గాజులో పోస్తే అది పదిహేనేళ్లది. రెండు సీసాల మీదా ఒకే అంకె ఉంటుంది. పంట ఏడాది చెప్పని సంగతి ఇదే.

మరి పంట ఏడాది నిజమని ఎలా తెలుసుకోవడం? రంగు సాక్ష్యం కాదు. కాల్చిన చక్కెరతో రంగు దిద్దడానికి నిబంధనలే ఒప్పుకుంటాయి. నాలుక మోసపోతుంది. ఇక్కడ ద్రాక్ష ఆకు మనకు సాయం చేస్తుంది. ఆ వేసవిలో ఆకు పీల్చుకున్న కార్బన్ డయాక్సైడే చక్కెరై, చక్కెర ఇథనాలై సీసాలోకి వచ్చింది. 1950ల నుంచి అణుబాంబు పరీక్షలు గాలిలో కార్బన్-14 అనే బరువైన కార్బన్ రకాన్ని పెంచుతూ పోయాయి. 1963లో వాతావరణంలో పరీక్షలను నిషేధిస్తూ ఒప్పందం కుదిరే నాటికి ఉత్తరార్ధగోళంలో అది దాదాపు రెట్టింపయింది. తర్వాత సముద్రాలూ చెట్లూ పీల్చుకోవడం వల్ల, బొగ్గూ పెట్రోలూ కాల్చిన పాత కార్బన్ కలవడం వల్ల ఏటా తగ్గుతూ వచ్చింది. ఏ ఏడాది గాలిలో ఎంత ఉందో కొలిచిన పట్టికలు ఉన్నాయి. సీసాలోని ఇథనాల్‌ను కొలిచి ఆ పట్టికతో పోల్చవచ్చు. ఒకే విలువ ఎక్కే వాలులో ఒక ఏడాదికీ దిగే వాలులో మరో ఏడాదికీ సరిపోవచ్చు, ఆ చిక్కు ఉంది. పరీక్షలకు ముందటి ఏళ్లను విడదీసి చెప్పడమూ కష్టం. కానీ 19వ శతాబ్దం పేరు పెట్టుకున్న సీసాలో బాంబు కార్బన్ కనబడితే ఇక వాదన లేదు. 2018లో స్కాట్లండ్ ప్రయోగశాల ఒకటి అరుదైనవిగా చెలామణీ అయిన 55 విస్కీ సీసాలను పరీక్షిస్తే 21 నకిలీవని తేలింది. అదే పద్ధతి ఆర్మన్యాక్‌కూ పనికొస్తుంది.

కాబట్టి పాఠకుడు ఎప్పుడైనా విమానాశ్రయం దుకాణంలోనో, విదేశాల్లో ఉన్న బంధువుల ఇంట్లోనో పాత ఏడాది వేసిన ఆర్మన్యాక్ సీసాను చూస్తే, ముందు పెద్ద అంకెను వదిలేసి వెనక చీటీ తిప్పి చదవాలి. సీసాలో పోసిన ఏడాదిని చాలామంది ఉత్పత్తిదారులు అక్కడ వేస్తారు. అందులోంచి పంట ఏడాదిని తీసేయాలి. గాజు జాడీల్లో గడిపిన కాలం మధ్యలో ఉంటే అది కూడా తీసేయాలి. మిగిలినదే ఆ సరుకు చెక్కలో గడిపిన వయసు. ఆ రెండో ఏడాది వెయ్యని సీసాకు వయసు పేరుతో ఎక్కువ ధర అడిగితే ఇవ్వనక్కర్లేదు.